అమ్మీ సందూఖ్‌లో దొరికిన లంగర్



అమ్మీ ఇంతెఖాల్ అయి ఏడాది దాటినా ఆమె సందూఖ్ తెరిచే హిమ్మత్ మాకెవరికీ రాలేదు. 2025లో మొహర్రం చాంద్ కనబడిన రాత్రి ఆపా, నేను కూర్చుని తెరిచాం. పైన ఆమె షాదీ నాటి ఖడా దుపట్టా. దాని కింద అబ్బా డ్యూటీ మీద ఊళ్ళు తిరిగినప్పుడు రాసిన ఇన్‌లాండ్ కవర్లు. అడుగున పచ్చగుడ్డలో కట్టిన చిన్న మూట. విప్పితే నల్లబడిపోయిన వెండి గొలుసు. మూరెడు ఉంటుందేమో. నాకేమీ తట్టలేదు. ఆపా మాత్రం చూడగానే గుర్తుపట్టింది.

"ఇది నీ లంగర్‌ రా. నాలుగేళ్ళప్పుడు నీకు టైఫాయిడ్ ముదిరింది. ఇక దువా చేసుకోండి అన్నారు డాక్టర్లు. అమ్మీ మన్నత్ మొక్కుకుంది. నువ్వు లేచి తిరిగితే, పన్నెండేళ్ళు వచ్చేదాకా ప్రతి ఐదో మొహర్రంకి నీ మెడలో లంగర్ వేసి హుసైనీ ఆలం తీసుకుపోతానని, పన్నెండో ఏట దాన్ని అక్కడే ఇచ్చేస్తానని."

"మరి ఇవ్వలేదేం?"

"నీ పదకొండో ఏట అబ్బాకి నల్గొండ ట్రాన్స్‌ఫర్ అయింది కదా. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అనుకుంటూనే పోయింది బిచారీ."

అంటే నా పేరు మీద ఒక మన్నత్ నలభై ఏళ్ళుగా బాకీ ఉందన్నమాట. తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు ఒక్క మాటలో తేల్చేశాడు. "భాయ్, ఇవన్నీ బిద్అత్. అమ్మీ మీద ముహబ్బత్ ఉంటే ఆమె పేరున సదఖా చెయ్యి, చాలు." ఆపా ఒప్పుకోలేదు. "అమ్మీ ఎక్కడ ఇస్తానని జబాన్ ఇచ్చిందో అక్కడే ఇవ్వాలి" అంది. ఇద్దరి మధ్య నేను చిక్కుకున్నాను. ఏదో ఒకటి చేసే ముందు అసలు ఈ లంగర్ ఏమిటో, మన హైదరాబాద్ తల్లులకి ఈ ఆదత్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామని కూర్చున్నాను. తెలుసుకున్నది మీకూ చెబుతాను. మీ ఇంట్లో నానీమా, దాదీమా ఎవరైనా బతికి ఉంటే వాళ్ళని కూడా అడగండి. వాళ్ళ దగ్గర ఉన్నంత తారీఖ్ మన కితాబుల్లో లేదు.

ముందు లఫ్జ్ సంగతి. లంగర్ ఫార్సీ మాట. ఓడని కదలకుండా పట్టి ఉంచేది లంగర్. తెలుగులో కూడా అదే మాట, అదే అర్థం: "లంగరు వేశారు" అంటాం. ఏనుగు కాలికి వేసే బరువైన ఇనుప గొలుసు కూడా లంగరే. దర్గాల్లో, ఖాన్‌ఖాల్లో బీదాసాదా అందరికీ పెట్టే అన్నం కూడా లంగరే. సిక్కుల గురుద్వారాల్లో ఉన్నదీ ఆ మాటే. గొలుసుకీ అన్నానికీ ఒకే పేరు ఎలా వచ్చిందా అని నేను చాలాసేపు ఆలోచించాను. హైదరాబాద్ కిస్సాలో మాత్రం ఆ రెండూ నిజంగానే కలిసిపోయాయి.

ఆ కిస్సా హయాత్ బక్షీ బేగంది.

ఆమె చార్మినార్ కట్టించిన ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కూతురు. ఆయన తర్వాత తఖ్త్ ఎక్కిన సుల్తాన్ ముహమ్మద్ ఖుతుబ్ షా బీవీ. ఆ తర్వాత పాలించిన అబ్దుల్లా ఖుతుబ్ షా తల్లి. ముగ్గురు సుల్తానుల రాజ్యాన్ని ఒకే ఇంటి నుంచి చూసిన మనిషి. జనం ఆమెని మా సాహెబా అనేవాళ్ళు. మీరు మెహదీపట్నం బస్సులో పోతూ "మాసబ్ ట్యాంక్, మాసబ్ ట్యాంక్" అని కండక్టర్ అరుపు వింటారు కదా, అది మా సాహెబా తలాబ్. నోళ్ళలో నలిగి అలా అయింది. హయాత్‌నగర్ కూడా ఆమె పేరే. అక్కడ ఆమె పేరుతో మసీదు ఉంది, ముసాఫిర్లు దిగే సరాయ్ గదులు ఉన్నాయి. పక్కనే పెద్ద బావి. దాని పేరు హాథీ బావిలీ. ఆ పేరు చదివి నాకు నవ్వొచ్చింది. ఆమె కథలో ఏనుగు ఎక్కడికి పోయినా వెంబడి వస్తుంది.

అబ్దుల్లా 1614లో పుట్టాడు. 1626లో తండ్రి పోతే పన్నెండేళ్ళకే సుల్తాన్ అయ్యాడు. హుకూమత్ పగ్గాలు చాలా ఏళ్ళు తల్లి చేతిలోనే ఉన్నాయి. రివాయత్ ఏం చెబుతుందంటే, కుర్ర అబ్దుల్లా ఎక్కిన ఏనుగు, దాని పేరు మూరత్, ఒక రోజు మస్తీలో పడి మావటిని లెక్కచేయకుండా పిల్లాడిని మోసుకుని అడవిలోకి పారిపోయింది. ఎంత వెతికినా దగ్గరికి పోయే దారి లేదు. ఏనుగు వచ్చే తోవల్లో చెట్లకి అన్నం మూటలు, నీళ్ళ తిత్తులు కట్టించిందట తల్లి, పిల్లాడు అంబారీలో నుంచే చెయ్యి చాచి అందుకుంటాడని. ఎన్ని రోజులంటే చెప్పేవాళ్ళని బట్టి మారుతుంది. మా నానీమా ఏడు రోజులు అనేది, ఆమె చెల్లెలు నలభై అనేది. ఇద్దరూ దీని మీద పోట్లాడుకునేవాళ్ళు.

ఆ గడియలో హయాత్ బక్షీ బేగం మన్నత్ మొక్కుకుంది. నా కొడుకు సలామత్‌గా తిరిగొస్తే ఆ ఏనుగు గొలుసంత బరువున్న బంగారు లంగర్ చేయించి హుసైనీ ఆలంకి తీసుకుపోతాను, దాన్ని ముక్కలు చేయించి గరీబులకి పంచుతాను అని. ఏనుగు మస్తీ దిగి తనంతట తానే తిరిగొచ్చింది. బేగం జబాన్ నిలబెట్టుకుంది. ఐదో మొహర్రం నాడు బంగారు గొలుసు జులూస్‌గా హుసైనీ ఆలం చేరింది. అక్కడ ముక్కలైంది, జనం చేతుల్లోకి పోయింది.

ఇది రివాయత్. చెట్లకి కట్టిన అన్నం మూటలు, బంగారం బరువు, ఇవన్నీ తరతరాలుగా నోట నోట పెరిగిన సంగతులు. నేను వాటి మీద ఖసమ్ వేయను. కానీ ఇదే తల్లి గురించి తవారీఖ్‌లో నిక్కచ్చిగా రాసి ఉన్న సంగతి ఒకటుంది. అది చదివాక ఏనుగు కిస్సా నాకు మామూలుగా కనబడలేదు.

1656లో షాజహాన్ కొడుకు ఔరంగజేబు దక్కన్ సుబేదారుగా ఉండి గోల్కొండ మీదికి వచ్చాడు. మొగల్ ఫౌజ్ హైదరాబాద్ షహర్‌ని లూటీ చేసింది. అబ్దుల్లా ఖుతుబ్ షా ఖిల్లాలోకి పోయి తలుపులు వేసుకున్నాడు. అప్పటికి ఆయనకి నలభై దాటాయి. ఖిల్లా బయటికి వచ్చింది ఎవరో తెలుసా? ముసలి తల్లి. హయాత్ బక్షీ బేగం స్వయంగా ఔరంగజేబు డేరాకి పోయి కొడుకు కోసం మాట్లాడింది. సులహ్ కుదిరింది. అబ్దుల్లా కూతురిని ఔరంగజేబు పెద్ద కొడుకు ముహమ్మద్ సుల్తాన్‌కి ఇచ్చి నికాహ్ చేశారు, భారీగా సొమ్ము కట్టుకున్నారు, సల్తనత్ ఇంకో ముప్పై ఏళ్ళు బతికింది. బేగం 1667లో కన్నుమూసింది. గోల్కొండ గుంబదుల్లో ఆమెది సుల్తానుల మఖ్బరాలకి తీసిపోనంత పెద్దది. ఔరతుకి అంత గుంబద్ ఎందుకని చిన్నప్పుడు అబ్బాని అడిగితే, "బేటా, ఆమె రెండుసార్లు ఈ షహర్‌ని కన్నది" అన్నారు. అబ్బా మామూలుగా అట్లా మాట్లాడే మనిషి కాదు. అందుకే గుర్తుండిపోయింది.

ఇక లంగర్ సంగతి. 1687లో గోల్కొండ పడిపోయింది. మొగల్ హుకూమత్‌లో మొహర్రం రౌనఖ్ అంతా చల్లారింది. పత్తర్‌గట్టి దగ్గరున్న బాద్షాహీ ఆషూర్‌ఖానా, అదే ముహమ్మద్ ఖులీ 1590ల్లో కట్టించి, రంగు రంగుల చీనీ పలకలతో ఆయన వంశం అలంకరించిన ఆ దర్బార్, బండ్లు పెట్టుకునే కొట్టం అయింది. మళ్ళీ దానికి చిరాగ్ పెట్టించింది ఆసఫ్ జాహీలు. రెండో ఆసఫ్ జా నిజాం అలీ ఖాన్ కాలంలో ఆషూర్‌ఖానాలకి జాగీర్లు, ఇనాంలు తిరిగి వచ్చాయి. ఆసఫ్ జాహీలు సున్నీలు. అయినా ఈ షహర్ మొహర్రంని వాళ్ళు తమ సొంతం చేసుకున్నారు. మన షియా భాయిలూ సున్నీలూ ఒకే అలమ్ ముందు నిలబడటం ఇక్కడ అప్పటి నుంచీ ఉన్నదే. కాయస్థులు, ఖత్రీలు, రెడ్లు, గొల్లలు కూడా వచ్చేవాళ్ళు. దాని గురించి ఇంకో రోజు విడిగా రాస్తాను.

లంగర్ మాత్రం ఆసఫ్ జాహీల చేతిలో మారిపోయింది. ఒక తల్లి షుకరానా కాస్తా హుకూమత్ తమాషా అయింది.

19వ సదీలో ఐదో మొహర్రం నాడు పాతబస్తీ వీధుల్లో ఏం జరిగేదో ఒకసారి ఊహించుకోండి. తెల్లారేసరికే మేడల మీద, దుకాణాల అరుగుల మీద, చార్మినార్ చుట్టూ జనం. జెనానా ఆడవాళ్ళు చిక్‌ల వెనక. ముందు నిషాన్ ఏనుగు, వెనక నౌబత్, నఖారా మోసే ఒంటెలు. తర్వాత ఫౌజ్. నిజాం దగ్గర ఉన్నది ఒక్క ఫౌజ్ కాదు. అరబ్ జమేదార్ల కింద హద్రమౌత్ నుంచి వచ్చిన చావుష్‌లు, నడుముకి జంబియా కత్తులు, భుజాన పొడుగాటి తోడా బందూకులు, మర్ఫా దరువుకి ఎగురుతూ. రోహిల్లాలు. పఠాన్లు. మహారాజా చందూలాల్ కాలంలో పంజాబ్ నుంచి దిగిన సిక్కుల లాహోరీ ఫౌజ్. హబ్షీలు, అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు. పాయిగాల గుర్రాలు. ఒక్కో నవాబుది ఒక్కో వర్ది, ఒక్కో జెండా. ఈనాటి బార్కస్, ఏసీ గార్డ్స్ అన్న పేర్లు ఆ ఫౌజుల నుంచి మిగిలినవే. మొదటిది బ్యారక్స్, రెండోది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆ ఖాందాన్ల పిల్లలు ఇవాళ కూడా షాదీల్లో మర్ఫా వాయిస్తారు.

ఇంత ఫౌజ్ ఎందుకు నడిచింది అంటే దానికో లెక్క ఉంది. జాగీర్దార్లు, జమేదార్లు ఇంతమంది జవాన్లని పోషిస్తున్నామని సర్కారు నుంచి డబ్బు తీసుకునేవాళ్ళు. ఆ జవాన్లు కాగితం మీద ఉన్నారా, నిజంగా ఉన్నారా అన్నది ఏడాదికి ఒకసారి లంగర్ నాడు వీధిలో తేలేది. దివాన్ కళ్ళ ముందు నుంచి అందరూ పోవాలి. కోఠీ నుంచి రెసిడెంట్ దొర తన మెహమాన్లతో వచ్చి సాలార్ జంగ్ దేవ్డీ పై నుంచి చూసేవాడు. దొరలకి ఇది గొప్ప సైర్. హిందుస్తాన్ వచ్చిన దొరసానులు చాలామంది తమ కితాబుల్లో లంగర్ గురించి రాసుకున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో రాజా దీన్‌దయాళ్ దాన్ని ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల్లో ఏనుగులున్నాయి, బందూకులున్నాయి, మేడల మీద టోపీలున్నాయి. నేను ఎంత వెతికినా మెడలో గొలుసున్న ఒక్క పిల్లాడు కనబడలేదు. తీసినవాడు వెతికింది వేరే కదా.

మొదటి సాలార్ జంగ్, అంటే 1853 నుంచి 1883 దాకా దివాన్ గా ఉన్న మీర్ తురాబ్ అలీ ఖాన్, ఈ చెల్లాచెదురు ఫౌజులకి కళ్ళెం వేశాడు. జమేదార్ల జోరు తగ్గింది. ఫౌజ్ తగ్గితే లంగర్‌కి అవసరం కూడా తగ్గుతుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో లంగర్ జులూస్ ఆగిపోయింది. ఏడో నిజాం మొహర్రంకి దూరం అనుకోకండి. దబీర్‌పురాలో బీబీ కా అలావాలో ఉన్న బీబీ కా అలమ్‌కి జవాహరాత్ చదివించింది ఆయనే. జనాబె ఫాతిమాకి ఆఖరి ఘుస్ల్ ఇచ్చిన తఖ్తా ముక్క ఆ అలమ్‌లో ఉందని అఖీదా. పదో మొహర్రం నాడు ఏనుగు మీద అది బయల్దేరి మాతం మధ్య చాదర్‌ఘాట్ చేరుతుంది. ఇప్పటికీ. కరోనా ఏడు 2020లో ఏనుగుకి ఇజాజత్ రాకపోతే బండి మీద పోయింది, కానీ పోయింది. కొన్నేళ్ళుగా ఏనుగుని పక్క రాష్ట్రాల నుంచి తెప్పిస్తున్నారు. ఏనుగు దొరకడమే పెద్ద సవాల్ అయినా ఎవరో ఒకరు తెస్తున్నారు.

ఒకే షహర్, ఒకే నెల, ఒకే వంశం మొదలుపెట్టిన రెండు జులూసులు. ఒకటి ఆగిపోయి నూరేళ్ళ కింది మాట అయింది. ఇంకొకటి ఆగలేదు. నాకు అర్థమైనంత వరకు, హుకూమత్ తన ఫౌజ్ కోసం నడిపించింది ఫౌజ్‌తో పాటే పోయింది. ఏడ్చేవాళ్ళు నడిపించిన దానికి ఏడ్చేవాళ్ళు ఉన్నారు. మరి అసలు లంగర్, ఆ తల్లిది? అది వీధిలో నుంచి ఎప్పుడో ఇళ్ళలోకి పోయింది. బంగారం వెండి అయింది, వెండి పూలదండ అయింది, దారం అయింది. ఫకీర్ చేయడం అంటారు చూడండి, పిల్లాడికి పచ్చ కుర్తా వేసి, మెడలో నాడా కట్టి, జోలె తగిలించి నాలుగు ఇళ్ళు తిప్పుతారు. సంపన్నుల బిడ్డ అయినా ఆ పది రోజులు ఇమామ్ ఫకీరే. ఫొటోల్లో కనబడని పిల్లలు వీళ్ళే.

ఇక్కడ తమ్ముడి మాట మళ్ళీ గుర్తొస్తుంది. "మొహర్రం గమ్ కదా, దాన్ని జాతర చేసింది మీరే" అంటాడు వాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. మొహర్రం నాడు ఎవరైనా "హ్యాపీ మొహర్రం" అని మెసేజ్ పెడితే నాకూ కడుపులో తిప్పుతుంది. అయితే తెలుగులో దీన్ని పీర్ల పండుగ అంటారు. మా నల్గొండ వైపు ఊళ్ళలో పీర్ల కొట్టం సాఫ్ చేసేది, గుండం తవ్వేది, ఊదు వేసేది చాలా చోట్ల మనవాళ్ళు కారు. పీర్లకి దట్టీలు కట్టి, కుడకల దండలు వేసి, మలీద పంచి, రాత్రంతా గుండం చుట్టూ ఎగిరి, పదో రోజు పీర్లు పోతుంటే ఆడవాళ్ళు ఏడుస్తారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయి స్వామి పేరుతో జరిగేది చూడండి. అక్కడి గుండంలో నడిచే వేలమందిలో మనవాళ్ళు తక్కువే. వాళ్ళకి కర్బలా కిస్సా పూర్తిగా తెలుసా? తెలియకపోవచ్చు. ఒక మంచి మనిషిని నీళ్ళివ్వకుండా చంపారని తెలుసు.

ఇది మన దగ్గరే కాదు. గిర్మిటియా కూలీలుగా తెలుగువాళ్ళు, తమిళులు, బిహారీలు దక్షిణాఫ్రికా నటాల్ చెరకు తోటలకి పోయినప్పుడు మొహర్రం తాజియాలు కూడా వెంట పోయాయి. అక్కడి తెల్లవాళ్ళకి అర్థం కాక దాన్ని "కూలీ క్రిస్మస్" అనేవారు. ట్రినిడాడ్‌లో అది హోసే అయింది, అంటే హుసైన్. 1884లో అక్కడి హోసే జులూస్ మీద బ్రిటిష్ పోలీసులు తుపాకులు పేల్చి మనుషుల్ని చంపారు. చచ్చినవాళ్ళలో, నడిచినవాళ్ళలో హిందువులు కూడా ఎందరో.

2025 జూన్‌లో ఇంకో సంగతి జరిగింది. మా ఖాలా కొడుకు పోర్చుగల్‌లో పోర్టో అనే షహర్‌లో నౌకరీ చేస్తాడు. జూన్ 23 రాత్రి వీడియో పంపాడు. ఊరు ఊరంతా వీధుల్లో ఉంది. మంటలు వేసి దూకుతున్నారు, సార్డీన్ చేపలు కాలుస్తున్నారు, తులసిలాంటి మొక్కలు కుండీల్లో పెట్టి అమ్ముతున్నారు, ప్లాస్టిక్ సుత్తులతో ముక్కూమొహం తెలియనివాళ్ళ నెత్తి మీద మెత్తగా కొడుతున్నారు. ఏమిట్రా ఈ పిచ్చి అంటే, "సావ్ జోవావ్ భాయ్, సెయింట్ జాన్ పుట్టినరోజు" అన్నాడు. సెయింట్ జాన్ ఎవరు? మన యహ్యా అలైహిస్సలాం. జకరియ్యా అలైహిస్సలాం ముసలితనంలో దువా చేస్తే పుట్టిన బిడ్డ. జాలిమ్ బాద్షా ఆయన తల నరికించాడు. దమిష్క్‌లో ఉమయ్యద్ మసీదు హాలులో ఆయన తల ఉందని నమ్మే మఖామ్ ఉంది. అదే మసీదులో తూర్పు వైపు ఇమామ్ హుసైన్ తల పెట్టారని నమ్మే మఖామ్ ఉంది. ఇద్దరూ ఒకే కప్పు కింద. ఒకరి పేరు మీద పోర్టోలో మంట, ఇంకొకరి పేరు మీద మన ఊళ్ళో మంట. దబీర్‌పురా అలావా, దారుష్షిఫాలో అలావా సర్తౌఖ్ అన్న పేర్లలో అలావా అంటే ఆ మంట గుండమే. పోర్టోవాళ్ళు గమ్ అంతా మర్చిపోయి నవ్వడం మిగుల్చుకున్నారు. మన షహర్ ఏడవడం మిగుల్చుకుంది. మన పల్లెలు రెండూ ఒకే రాత్రి చేస్తాయి.

ఆ వీడియో వచ్చిన నాలుగు రోజులకి మన మొహర్రం మొదలైంది. జులై 1 ఐదో మొహర్రం. అసర్ తర్వాత గొలుసు జేబులో వేసుకుని చార్మినార్ దగ్గర ఆటో దిగాను. లాడ్ బజార్ గాజుల దుకాణాల మధ్య నుంచి పడమటికి నడుచుకుంటూ హుసైనీ ఆలం పోయాను. నా చిన్నతనంలో ఎంత దూరం అనిపించేదో! ఇప్పుడు పావుగంట కూడా పట్టలేదు. ఒకప్పుడు నాలుగు వేల తోడా బందూకులు నడిచిన వీధి అని చెప్పాలని ఉంది కానీ లెక్క ఎవరు చూశారు. వీధిలో షర్బత్ సబీల్ ఉంది, బండ్ల హారన్లు ఉన్నాయి, కరెంటు తీగలకి నల్ల జెండాలు తట్టుకుంటున్నాయి.

ఆషూర్‌ఖానా బయట ఒక అమ్మాయి బుర్ఖాలో, చేతిలో మూడేళ్ళ పిల్లాడు. పచ్చ కుర్తా. మెడలో మల్లెపూల లంగర్, దానికి మధ్యలో ఒక్క వెండి కడియం. పిల్లాడు ఆ పూలు పీకి తింటున్నాడు. ఆమె "ఛీ, థూ" అంటూ నోట్లో వేలు పెట్టి తీస్తోంది. నేను అడిగేశాను, ఏం మన్నత్ బేటీ అని. "దిల్‌లో సూరాఖ్ ఉండె చాచా, ఆపరేషన్ అయింది" అంది. హయాత్ బక్షీ బేగం పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. ఏనుగు కిస్సా కూడా తెలియదు. "మా అమ్మీ చేసింది, మా నానీ చేసింది" అంది.

నేను గొలుసు తీయలేదు. అలమ్ ముందు ఫాతెహా చదివి వచ్చేశాను. ఇంటికొచ్చాక మా ముహల్లా మౌలానా సాబ్‌ని అడిగాను. ఆయన ఆపా వైపూ పోలేదు, తమ్ముడి వైపూ పోలేదు. "నజర్ అల్లాహ్‌కే. ఫలానా జాగాలోనే ఇవ్వాలని మొక్కినా, గరీబుకి చేరితే అదా అయినట్టే. మీ అమ్మీ జబాన్ మీద మనసు పీకితే ఆ జాగాలో ఉన్న గరీబుకే ఇవ్వండి, ఎవరొద్దన్నారు?" అన్నారు. నాలుగు వందల ఏళ్ళ కింద మా సాహెబా చేసింది కూడా అదే కదా అనిపించింది. ఆమె బంగారం అలమ్‌కి తగిలించి రాలేదు. ముక్కలు చేయించింది.

మర్నాడు గుల్జార్ హౌజ్ పోయాను. అక్కడ వెండి దుకాణంలో ముసలి సరాఫ్ గొలుసుని బ్రష్‌తో రుద్ది త్రాసులో వేశాడు. నాలుగు తులాలకి కొంచెం తక్కువ. పిల్లాడి మెడకి ఇంత బరువు వేసిందా అమ్మీ అని ఆశ్చర్యపోయాను. కడియాలు లెక్కపెట్టాడు, ముప్పై ఒకటి. "కరిగించాలా, కొనుక్కోవాలా?" అన్నాడు. బయటికొచ్చి ఆపాకి ఫోన్ చేశాను.

"తెంపమను" అంది. కాసేపాగి, "ఒక్క కడియం నాకు తీసిపెట్టు" అంది.

మిగతా ముప్పై కడియాల డబ్బుకి వచ్చిన బియ్యం, పప్పు, నూనె హుసైనీ ఆలం గల్లీలో ఇళ్ళకి పంచడానికి తమ్ముడే తన బండి తీసుకొచ్చాడు. బండి ఆషూర్‌ఖానా ముందు నుంచి పోతున్నంతసేపూ వాడు మొహం ఇటు తిప్పలేదు. బస్తాలు మాత్రం వాడే మోశాడు.